బల్ల మీద అత్త

ఊరందరి ఒళ్లు నొప్పులు తీసే అత్తకే కుడి భుజం పట్టేసింది. మూడు వారాలు దాచి, ఇక దాచలేక, తను రోజూ మర్దన చేసే బల్ల మీదే బోర్లా పడుకుంది. నోరు మాత్రం పట్టెయ్యలేదు. మేనకోడలు అరచేతులకు నూనె రాసుకుంది.

“అంత నూనె ఎందుకే? నన్నేమన్నా వేయిస్తున్నావా?”

“నువ్వు పోసినంతే పోశానత్తా.”

“నా చెయ్యి వేరు. కండని అరచేతి కింద పట్టి, ఎముక మీదుగా అటూ ఇటూ దొర్లించాలి. నువ్వు ఉత్త చర్మాన్ని జరుపుతున్నావు.”

“నువ్వే బిగుసుకుపోతున్నావు. వచ్చినవాళ్లందరికీ ఒళ్లు వదిలెయ్యమని చెప్పేదెవరు?”

“చెప్పేదాన్నే కానీ, చెప్పించుకునేదాన్ని కాదు.”

“మూడేళ్లుగా నాచేత సీసాలు కడిగించావు, దుప్పట్లు ఆరేయించావు. ఒక్క మనిషి మీదైనా చెయ్యి వెయ్యనిచ్చావా? నాకెలా వస్తుంది?”

మేనకోడలి బొటనవేలి కింద శనగగింజంత ముడి తగిలింది. కోపం కోపంగానే ఉన్నా, చేతిని తొందరపెట్టకుండా దాన్ని నెమ్మదిగా దొర్లించింది.

“అక్కడ కాదు, ఇంకాస్త...”

“ఇంకాస్త ఎక్కడ?”

“ఎక్కడికీ వద్దు. అక్కడే ఉండు.”

తలుపు చప్పుడైంది.

“నడుం నొప్పావిడ వచ్చిందత్తా. పొద్దున్నే రమ్మన్నది నువ్వే. లేస్తావా?”

“కూర్చోమను. ఇవాళ నువ్వు చేస్తావని చెప్పు.”

“నేనా? ఆవిడ ఒప్పుకోకపోతే?”

“నన్ను చూపించు. మా అత్తకి ఇంకా బల్ల దిగబుద్ధి కావట్లేదని చెప్పు.”