గోడవైపు ఆగిన కారు

డెబ్బైల నాటి ఆగస్టు సెలవులు. ఐర్లండ్‌లో మేయో తీరాన, వానలో ఆగి ఉన్న కారు. ముందు మలాకీ, అతని భార్య నోరీన్. వెనక వాళ్ల కూతుళ్లు గ్రోన్యా, ఊనా.

"అది కాదు మలాకీ, కారు కాస్త ఇటు తిప్పితే నీ సొమ్మేం పోతుంది? సముద్రం చూద్దామని వచ్చి, ఈ రాళ్లగోడ చూస్తూ తినాలా?"

"గాలి అటునుంచి కొడుతోంది నోరీన్. తిప్పితే తలుపు తియ్యలేవు."

"ఈ వానలో తలుపెవరు తీస్తారు?"

"నేను తీస్తానమ్మా. నాకు అర్జెంటు."

"ఇందాకేగా వెళ్లొచ్చావు ఊనా. కూర్చో."

"బండోరన్ వెళ్దామంటే విన్నావా నాన్నా? అక్కడ రంగులరాట్నం ఉంది, ఐస్‌క్రీం ఉంది. ఇక్కడేముంది?"

"గ్రోన్యా, ముందు ఆ సాండ్‌విచ్ తిను."

"ఏటా ఇదే మాట, ఏటా ఇదే గోడ. సెలవులకి ఎక్కడికెళ్లావే అని బళ్లో అడిగితే, గోడ దగ్గరికి అని చెప్పుకోవాలి."

"పిల్ల తప్పేమంది? మీ తమ్ముడు ట్రమోర్‌లో ఇల్లు ఊరికే ఇస్తానన్నాడు. వద్దన్నావు."

"టీ పొయ్యి నోరీన్."

"పోస్తా. మాట మార్చకు. అప్పట్నించీ అద్దం తుడిచి తుడిచి ఆ పొలంలోకి ఏం చూస్తున్నావు?"

"గొర్రెల్ని."

"గొర్రెల్లేవు నాన్నా. రాళ్లున్నాయంతే."

"అయితే రాళ్లు."

"పొలమన్నాక దున్నుతారు, లేకపోతే మేపుతారు. దీన్నిలా వదిలేశారేం?"

"దాన్నెవరూ దున్నరు గ్రోన్యా."

"ఎందుకని?"

"దున్నరంతే."

"మలాకీ."

"టీ చల్లారిపోతోంది."

"మలాకీ, నావైపు చూడు. ఎందుకు దున్నరు?"

"పిల్లలున్నారు, నోరీన్."

"ఉండనీ. ఇన్నేళ్లుగా అడుగుతున్నాను నిన్ను. నా బిడ్డనెక్కడ పెట్టావంటే, మర్చిపో అన్నావు. మీ అమ్మా అదే అంది, చర్చి ఫాదరూ అదే అన్నాడు. ఇక్కడేనా?"

"వాన తగ్గాక..."

"ఇక్కడేనా?"

"జ్ఞానస్నానం కాకుండా పోయాడు. చర్చి సమాధుల తోటలో చోటు లేదన్నారు. అలాంటి పిల్లలందరికీ ఈ పొలమే. నీకు చెప్పొద్దన్నారు. తెలిస్తే నువ్విక్కడే కూర్చుండిపోతావన్నారు."

"అమ్మా, ఎవరి గురించి?"

"ఉండవే గ్రోన్యా. ఎట్లా తెచ్చావు మలాకీ?"

"సబ్బుల పెట్టెలో. అమ్మ తన శాలువా చింపి ఇచ్చింది. సైకిలు మీదైతే కుదుపుతుందని నడిచొచ్చాను."

"మీ ఊరినుంచా? అంత దూరం?"

"బరువేం లేదు."

"ఒక్కడివేనా?"

"ఆ పనికి ఎవర్ని తోడు రమ్మంటాను?"

"ఏటా తీసుకొచ్చి దీనికెదురుగా కూర్చోబెట్టి, ఒక్క మాట, ఒక్క మాట చెప్పలేదు నువ్వు."

"చెప్పాలనే వచ్చేవాణ్ణి. ప్రతిసారీ. తీరా వచ్చాక, నువ్వూ వాడూ ఒకచోట ఉన్నారు కదా, ఒక్క పూటైనా, అనుకుని కారు వెనక్కి తిప్పేవాణ్ణి."

"నేనేమో సముద్రం కనబడట్లేదని పోట్లాడుతూ కూర్చున్నాను."

"నీకు తెలియదుగా."

"ఏ రాయి?"

"ఆ మూల, ముళ్లపొద కింద. తెల్లగా ఉంది చూడు. ఒడ్డునుంచి నేనే తెచ్చి పెట్టాను."

"అమ్మా, తలుపు తీస్తున్నావేం? తడిసిపోతావు. నాన్నా, చెప్పు అమ్మకి."

"నేను చెప్పను ఊనా."

"బూట్లు వేసుకో ఊనా. గ్రోన్యా, దాని కోటు గుండీలు పెట్టు. మలాకీ, నువ్వు ముందు నడువు, దారి తెలిసినవాడివి. అందరం దిగుతున్నాం. మీ అన్నయ్యకి పేరు పెట్టాలి."