షహానియా ఒంటె తిన్న సంగటి

శుక్రవారం జుమ్మా నమాజు ముగించుకొచ్చి ముఖీత్ నజ్మాలోని తన చాయ్ దుకాణం షట్టరు ఎత్తేసరికే అరబ్బుల ఇంట్లో డ్రైవరు దేవదానం గుమ్మం ముందు నిలబడి ఉన్నాడు. ఒంటిమీద ఇస్త్రీ చొక్కా, గోళ్ళ సందుల్లో రాగిపిండి. రమ్మనకముందే లోపలికొచ్చి బల్ల మీద కూర్చున్నాడు.

ఆ రోజు అతనికి ఒక మనిషి కావాలి. అన్నం తినే మనిషి.

ఆంజనమ్మ ఈ అరబ్బు ఊళ్ళోనే అబూ హమూర్‌లో ఒక బడిలో ఆయా. శుక్రవారం చర్చి అయ్యాక నజ్మాలోని ఆమె గదిలో తెలుగు డ్రైవర్లు, ఇళ్ళలో పనిచేసేవాళ్ళు కలిసి భోంచేస్తారు. వంట వంతులవారీగా. అందరి పళ్ళేలతో పాటు ఆంజనమ్మ ఒక పళ్ళెం ఎక్కువ పెడుతుంది. అది వంట చేసినవాడు పిలుచుకొచ్చే కొత్త మనిషిది. ఏ మతమని అడగరు, ప్రార్థనకి కళ్ళు మూసుకోమని చెప్పరు. "వాక్యం నోటితో చెప్పేముందు చేత్తో వడ్డించండి" అంటుంది ఆమె. దేవదానం వంతు వచ్చిన ప్రతిసారీ ఆ పళ్ళెం బోర్లించింది బోర్లించినట్టే ఉండిపోయింది. ఈసారీ అంతే అయితే అతని వంతు అమర్నాథ్‌కి ఇచ్చేస్తానని పొద్దున చర్చి మెట్ల మీదే చెప్పేసింది.

చిక్కేమిటంటే, దేవదానం మాటలు వినడానికి నజ్మాలో ఎంతమందైనా చేరతారు. అతని పిలుపు నమ్మేవాడే లేడు.

కోడి పలావులో చెయ్యితిరిగిన ఆ గోదావరి జిల్లా అమర్నాథ్ కూడా అప్పుడే వచ్చి పక్కన కూర్చున్నాడు. "ఏం బ్రదర్, దొరికాడా ఎవరన్నా? సంగటి చల్లారితే గోడకి మేకు కొట్టుకోవచ్చండి దాంతో."

"మా కడప సంగటి సంగతి నీకేం తెలుసప్పా," అన్నాడు దేవదానం. దుకాణంలో ఇంకో నలుగురున్నారు. వాళ్ళు కాక మూలన గడ్డం నున్నగా గీసుకున్న ఒకతను, అద్దం పగిలిన ఫోను బాగుచేయించుకోడానికి నజ్మాకి వచ్చినవాడు, తల వంచుకుని చాయ్ తాగుతున్నాడు. దేవదానం అందరికీ వినిపించేలా గొంతు పెంచాడు. "పోయిన చలికాలం ఏమైందో చెప్తా ఇనండి. మా బాబా, అదే మా యజమాని, పిల్లోళ్ళను ఒంటెల పందెం చూపించేదానికి షహానియాకి తోలుకపోతి. నాకాడ టిఫిన్ డబ్బాలో సంగటి ముద్ద, శెనక్కాయల చట్నీ. కంచెకాడ ఒంటె పగ్గం పట్టుకోని ఒకడు నిలబడుకోనుండాడు. మూతికి గుడ్డ, కండ్లు మాత్రం కనబడతాండాయి. ఆ కండ్లు నా డబ్బా మిందనే. రాప్పా తిందాం అంటిని."

"ఇది నమ్మచ్చు," అన్నాడు ముఖీత్ పాలు కలుపుతూ.

నమ్మచ్చు అన్న మాట దేవదానానికి ఎప్పుడూ సరిపడలేదు. అక్కడితో ఆపి "మీరూ రండి" అంటే సరిపోయేది. కానీ ఆపలేదు.

"వాడు ఒక్క ముద్ద నోట్లో పెట్టుకోని ఏడ్చేసినాడు. ఏడ్చి ఈలేసినాడు. ఈల ఇని పదిమంది, పదిమందిని చూసి నలభైమంది. సూడానోళ్ళు, పాకిస్తానోళ్ళు, బంగ్లావోళ్ళు. నేను డబ్బాలో చెయ్యి పెడతాండా, తీస్తాండా. పెట్టినకొద్దీ సంగటి! ఆ తర్వాత ఏమైందో తెలుసునా?"

"డబ్బా ఖాళీ అయిందా?" అన్నాడు అమర్నాథ్.

"ఒంటె మెడ చాపింది! కంచె మిందనుంచి మెడ చాపి, నా చేతిలో ముద్ద చట్నీతో సహా గుటుక్కున మింగింది. మా పచ్చిమిరక్కాయ కారం తెలుసు గదా? యల్లా, పద అననక్కర్లేదు, పోయింది చూడు! తోలేదానికి మనిషికి బదులు మింద కూర్చోబెట్టిన రోబో కొరడా ఎత్తేదానికి గుడక టైం దొరకలా, ఊడి ఇసకలో పడె. పక్కన షేకులు లాండ్ క్రూజర్లు తోలుకుంటా వెంటపడిరి. అందలా. పందెం గీత దాటె, రోడ్డు దాటె, దుఖాన్ సముద్రం కాడికి పోయి నీళ్ళు తాగి మళ్ళా వచ్చి మొదటి నంబరు కొట్టె!"

"ఉప్పునీళ్ళు తాగిందా అన్నా?" ముఖీత్ అడిగాడు.

"కారానికి ఉప్పయితే ఏం, తీపయితే ఏం! అప్పుడు పెద్ద షేకు కారు దిగినాడు. షూ హాదా, ఏందిది అన్నాడు. సంగటి బాబా అంటిని. ఇసకలో మఠమేసుకోని కూర్చోని తిన్నాడు. మరుసటి దినమే కడపకి విమానం పంపె రాగులకి. షహానియాలో ఉండే ఒంటెలన్నీ గడ్డి ముట్టేది మానేసె. నేను వండాల, అవి తినాల. ఊరికే తింటాయా? నేను ప్రార్థన చేసేదాకా ముద్ద ముట్టవు. అన్నీ వరసగా మోకాళ్ళ మింద కూర్చుంటాయి!"

"ఒంటెలు ఎప్పుడూ మోకాళ్ళ మీదే కూర్చుంటాయి కదండీ," అన్నాడు అమర్నాథ్.

"కండ్లు మూసుకుంటాయా? ఇవి మూసుకుంటాయి!"

"ఇంకా నయం, బైబిల్లో ఉన్న సూదిబెజ్జంలోంచి దూరాయనలేదు."

"దూరేవే. ఆపొద్దు సూది దొరకలా."

దుకాణమంతా గొల్లుమంది. దేవదానం కూడా నవ్వాడు. నవ్వుతూనే అందరి మొహాలూ చూశాడు. "ఆ సంగటే ఇప్పుడు వండి పెట్టొచ్చినా. పక్క సందులోనే, ఆంజనమ్మక్క గదిలో. ఎవరొస్తారు?"

ఒకడికి డ్యూటీ గుర్తొచ్చింది. ఒకడు ఇప్పుడే తిన్నానన్నాడు. మిగిలిన ఇద్దరూ ఒంటెల తర్వాత తమకేం మిగులుతుందని నవ్వుతూ లేచిపోయారు. అమర్నాథ్ మాత్రం కదలకుండా మీసం దువ్వుకున్నాడు. దేవదానం గ్లాసులో చాయ్ మీద మీగడ కట్టింది. అతను దాన్ని వేలితో తీసి బల్ల అంచుకి రాశాడు. కథ బాగా కుదిరిన రోజు ఇలా ఒంటరిగా మిగిలినట్టు అతనికి ఎప్పుడూ అనిపించలేదు.

"ఒంటె తినలా," అన్నాడు మూలనున్న మనిషి.

అందరూ అటు తిరిగారు. అతను గ్లాసు కిందపెట్టాడు.

"నా పేరు నాగప్ప. మాది మదనపల్లి పక్క. షహానియాలో ఒంటెలు మేపుతా. ఆ పగ్గం పట్టుకున్నోడ్ని నేనే. అప్పుడు మూతికి గుడ్డ ఉండె గదా, అన్న గుర్తుపట్టలా." అతను దేవదానం వైపు తిరిగాడు. "నేను ఏడ్వలా. ఈలెయ్యలా. నలభైమంది రాలా. నా ఒంటెకి ఆపొద్దు కాలు నొప్పి, అది పందేనికే పోలా. ఉండింది ఒకే ముద్ద. ఈయన దాన్ని రెండు ముక్కలు చేసినాడు."

దేవదానం గ్లాసు పక్కకి జరిపాడు.

"రెండు ముక్కలు చేసి," అన్నాడు నాగప్ప, "చిన్న ముక్క నాకిచ్చినాడు."

ముఖీత్ చేతిలో గంటె కిందపడింది. అమర్నాథ్ బల్ల మీద చరిచి చరిచి నవ్వాడు. "చిన్న ముక్కా! నలభైమందికి పెట్టిన చెయ్యండీ ఇది!"

"ఆకలయితాండె," అన్నాడు దేవదానం మెల్లగా. ఆ మధ్యాహ్నం అతను చెప్పిన మాటల్లో అన్నిటికన్నా చిన్నది అదే.

"ఆకలయితాండినా ఇచ్చినావు గదా," అన్నాడు నాగప్ప. "మూడేండ్లుగా ఈ దేశంలో ఉండా. మా పక్క సంగటి నా నోట్లో పడింది ఆ చిన్న ముక్కే. ఈపొద్దు గుడక రెండు ముక్కలు చేస్తావా?"

"చెయ్యను."

"అయితే పద. చల్లారిపోతాది."

ముఖీత్ చాయ్ డబ్బులు వద్దన్నాడు. "గింత సత్తె కథ మా దుకాణంల ఎన్నడు వినలే," అన్నాడు.

పక్క సందులో మెట్లెక్కి వాళ్ళు లోపలికి వెళ్ళేసరికి అందరూ చాప మీద కూర్చున్నారు. ఆంజనమ్మ దేవదానం వెనక చూసింది. వంగి, బోర్లించిన పళ్ళేన్ని వెల్లకిలా తిప్పింది. అమర్నాథ్ తనే జరిగి కొత్తమనిషికి చోటిచ్చాడు.

దేవదానం తడిచేత్తో గిన్నెలోంచి సంగటి తీసి, గుండ్రంగా చేసి, నాగప్ప పళ్ళెంలో పెట్టాడు. కొబ్బరికాయంత ముద్ద. పళ్ళెంలో చట్నీకి చోటు మిగల్లేదు.

నాగప్ప దాని వంక చూశాడు. చుట్టూ కళ్ళు మూసుకున్నవాళ్ళ ప్రార్థన అయ్యేదాకా ఆగాడు. ఆమెన్ అనగానే పక్కకి వంగాడు.

"అన్నా, ఇది నాకా, ఒంటెకా?"