జీడిమామిడి పండు బాగుందా?

పెళ్ళయిన పది రోజులకు, విజయవాడ మొగుణ్ణి తన మైపాడు సముద్రం చూపించడానికి తీసుకొచ్చింది ఆ నెల్లూరు అమ్మాయి. ఇసుకలో కూర్చున్నాక ఎర్రటి జీడిమామిడి పండొకటి అతని చేతిలో పెట్టింది.

“ఎప్పుడూ తినలేదంటిరే. కొరకండి. ఎట్టుంది?”

“ఊఁ... బాగుంది.”

“గొంతు పట్టేసినట్టుందే?”

“లేదు, లేదు. బాగుంది.”

“మరి కళ్ళల్లో నీళ్ళెందుకు తిరగతా ఉండాయి?”

“సముద్రపు గాలికి.”

“అట్టనా! అయితే ఇంకోటి తినండి.”

“వద్దు తల్లీ, నీకో దణ్ణం! నాలుక మొద్దుబారిపోయింది. ఇంత వగరు పండు నా జన్మలో తినలేదు.”

ఆమె పకపకా నవ్వింది. పెళ్ళయినప్పటి నుంచి దేన్నయినా అతను బాగాలేదనడం ఇదే మొదలు.

“నిన్న నేను చేసిన చేపల పులుసు?”

“పులుపు కొంచెం ఎక్కువైంది.”

“ఇంకో ఏడాది నెల్లూరులోనే ఉద్యోగం చేసుకుంటానంటే, అదీ బాగుందంటిరే?”

అతను కొరికిన పండు పక్కన పెట్టి ఆమె వైపు తిరిగాడు.

“అది అసలు బాగాలేదు. నువ్వు లేని ఇంటికి వెళ్ళాలంటే ఇప్పటి నుంచే దిగులుగా ఉంది. అయినా మానొద్దు. నీకిష్టమైన పని అది. శనివారం శనివారం రైలెక్కి నేనే వస్తా.”

ఈసారి ఆమె అతని మాట నమ్మింది. చున్నీ కొంగులో దాచిన పొట్లం విప్పి అతని ముందు పెట్టింది.

“ఉప్పూకారం అద్దుకోని తినండి. వగరు తెలీదు.”

“ఇది ముందే ఇవ్వచ్చుగా!”

“ముందే ఇస్తే మీరు నిజం చెప్పేవాళ్ళా?”