మాస్టారి సెట్టు

ఆ రేడియోనా? అది అమ్మకానికి కాదమ్మా. నిత్యానందం మాస్టారిది. మిషన్ స్కూల్లో సైన్సు చెప్పేవారు. మీరెరగరు లెండి, అప్పటికి మీరు పుట్టుండరు. అలాంటి మనిషిని నేను మళ్ళీ చూళ్ళేదండి.

రెండువేల మూడు, రంజాన్ మొదలైన కొత్త. ఇప్పుడంటే సెల్లులు బాగుచేస్తున్నాను గానీ, భీమడోల్లో హమీద్ రేడియో షాపంటే అప్పట్లో కొల్లేటి లంకల దాకా పేరు. అక్కడ సాయంత్రమైతే ఇంటింటా షార్ట్‌వేవ్‌లో దూరదేశం నుంచొచ్చే తెలుగు క్రైస్తవ ప్రార్థన పెట్టేవారు. ఆవేళ పెడితే గొంతు లేదు, ఒట్టి హోరు. మర్నాడూ అంతే. ఇంకేముంది, సెట్లు చంకనెట్టుకుని నా మీదికొచ్చేశారు. "ఏవండీ సాయిబు గారూ, మొన్నేగా బాగుచేశారు, ఏం చేశారండీ ఇందులో?" అని సుందరమ్మ గారు. పాపం ఆవిడ మెత్తగానే అడిగారు. యాకోబని ఒక చేపల కుర్రాడు, "ఇక ఈ షాపు గడప తొక్కేవాడుండడు" అనేశాడు. ఉపవాసం మీదున్నానేమో, నోరెండిపోయింది. పరువు పోతోందన్న కంగార్లో స్క్రూడ్రైవర్ తీసి ఓ సెట్టులో కాయిల్ మర తిప్పబోయాను.

"హమీద్ గారూ, అది కింద పెట్టండి" అని వినబడింది. చూస్తే మాస్టారు. "తిప్పారంటే బాగున్న సెట్టు నిజంగానే పాడవుతుంది. తప్పు సెట్టుది కాదు, ఆకాశానిది." అందరూ నవ్వారు. ఆయనకి కోపం రాదే. యాకోబు ఆయన దగ్గర చదివినోడే. "నీళ్ళ మీద పెంకు విసిరితే ఏమవుద్దిరా?" అనడిగారు. "ఎగురుకుంటా పోద్దండి." "గుర్రపుడెక్క కమ్మేస్తే?" "ఆడే ఆగిపోద్దండి." "ఇదీ అంతే. దూరం నుంచొచ్చే రేడియో మాట పైన గాలిలో ఒక పొరకి తగిలి మన మీదికి దిగుద్ది. మొన్న సూర్యుడి మీద పెద్ద మంట లేచిందట. ఆ దెబ్బకి పొర కింద గుర్రపుడెక్క కమ్మినట్టయింది. మాటని మింగేస్తోంది. తేరుకునేదాకా ఓపిక పట్టండి."

తేరుకోకపోతేనో అన్నాడు వాడు. మాస్టారు ఇంటికెళ్ళి ఇదిగో, ఈ సెట్టు తెచ్చి బల్ల మీద పెట్టారు. "హమీద్ గారి చెయ్యి పడని సెట్టిది. ఇదీ పలకట్లేదు. ఇది పలికి మీవి పలక్కపోతే, అప్పుడడగండి ఆయన్ని." ఎంత మాటండీ అది. నా కోసం ఇంకెవరన్నా అనుంటే ఒట్టు.

నాలుగైదు రోజులకి ఓ సాయంత్రం ఇది గొంతు విప్పింది. ఆ వెంటే బల్ల మీదున్నవన్నీ. ప్రార్థన అయ్యేసరికి నా ఉపవాసం విప్పే వేళ. యాకోబే పరిగెత్తి మంచినీళ్ళు తెచ్చాడు.

సెట్టు పట్టుకెళ్ళండి మాస్టారూ అంటే, "ఉండనివ్వండి, సూర్యుడు మళ్ళీ అలుగుతాడు" అన్నారు. అప్పట్నించీ ఎవరి సెట్టొచ్చినా ముందిది పెట్టి చూశాకే మర ముట్టేవాణ్ణి. ఆయన పోయినా ఇది ఇక్కడే ఉంది.

ఇప్పుడు పెట్టి చూడమంటారా? వద్దమ్మా. ఆ ప్రసారం ఎప్పుడో ఆపేశారు. పలక్కపోతే తప్పు ఎవరిదని అడగడానికి మాస్టారు లేరు.

బ్యాటరీ అన్నారు కదూ, ఇలా ఇవ్వండి మీ ఫోను.