నిద్రొచ్చినట్టుంది

అనకండి వదినా, ఆ మాట మాత్రం అనకండి. బుద్ధిమంతురాలట! మా బుడ్డది గడప తట్టుకుని పడి మోకాలు చెక్కుకుపోయినా కిక్కురుమనలేదని మీరు మురిసిపోతున్నారు. బయటికెళ్ళిన మీ తమ్ముడికి ఫోన్ చేసి మరీ చెబుతానంటున్నారు. ఆ ఫోన్ అవతల పెట్టి ముందు నా మాట వినండి.

ఊపిరాడ్డానికి దాని గొంతులో పెట్టిన గొట్టం చూసుకోవడంలో నాకు వంక పెట్టలేరు, అది నిజమే. కఫం చేరి గురగురమనగానే మిషన్ పెట్టి, సన్న పైపుతో లాగేస్తాను. మెడపట్టీ మార్చేటప్పుడు మీ తమ్ముడు గొట్టం కదలకుండా పట్టుకుంటే, పట్టీకీ మెడకీ మధ్య ఒక్క వేలు దూరేలా కడతాను. మొదట్లో నర్సు చెప్పింది వల్లించుకుంటూ చేసేదాన్ని. ఇప్పుడు అంట్లు తోముకున్నంత పని.

ఇదిగో, ఈ బొత్తామంత మూత చూడండి. ఇది గొట్టం మీద పెట్టేదాకా మా బుడ్డదానికి గొంతే లేదు, ఊపిరంతా గొట్టంలోంచే వచ్చి పోయేది. ఇది పెడితే పీల్చిన గాలి నోట్లోంచి బయటికొస్తుంది, మాటొస్తుంది. ఆస్పత్రిలో మొదటిసారి పెట్టినప్పుడు తన గొంతుకి తనే ఉలిక్కిపడి, "అమ్మా" అంది. మీ తమ్ముడు గోడవైపు తిరిగి ఏడ్చాడు. ఆ పిలుపు కోసం నేనెంత అల్లాడిపోయానో మీకు తెలియంది కాదు కదా.

సరే, మాటొచ్చింది. దాంతోపాటు పేచీ కూడా వచ్చింది. అన్నం వద్దని పేచీ, గౌను మార్చొద్దని పేచీ. ఆ గొంతు రేకు మీద మేకుతో గీకినట్టుంటుంది. ఒకరోజు పొద్దుట్నుంచీ ఒకటే రాగం. పక్కవాటా వాళ్ళు వచ్చి తలుపు కొట్టారు. నాకు తల పగిలిపోతోంది.

నిద్రపోయేముందు మూత తీసెయ్యాలని డాక్టరు చెప్పారు కదా, అది గుర్తొచ్చింది. నిద్రొచ్చినట్టుంది అన్నాను. ఎవరితో అన్నానంటారు? నాతో నేనే. తీసేశాను.

నోరు తెరిచే ఉంది వదినా. కన్నీళ్ళు కారుతూనే ఉన్నాయి. చప్పుడు లేదంతే. ఇల్లు సద్దుమణిగింది. నేను వెళ్ళి టీ పెట్టుకున్నాను. హాయిగా అనిపించింది. నా నోటితో ఎలా చెప్పను, హాయిగానే అనిపించింది.

ఇక అదే అలవాటైపోయింది. మీ తమ్ముడూ తక్కువ తినలేదు. పట్టపగలు, తను పని చేసుకునే గదిలోంచే, "దానికి నిద్రొచ్చినట్టుంది చూడు" అంటాడు. ఇద్దరికీ తెలుసు. ఒకరి మొహం ఒకరం చూసుకోం.

ఏంటీ, చిన్న విషయమా? మరి ఇందాక మీరేం చూశారు? పడింది. లేచి కూచుంది. తన చేత్తో తనే మూత ఊడదీసి నా అరచేతిలో పెట్టింది. ఆ తర్వాతే ఏడ్చింది. అవును వదినా, ఏడ్చింది. మీకు వినపడలేదు. నాలుగేళ్ళ పిల్ల, ఏడవాలంటే ముందు గొంతు అప్పజెప్పాలని నేర్చుకుంది.

మీరేమో నా వీపు తట్టి, ఎంత బాగా పెంచావే అన్నారు. సిగ్గుతో చచ్చిపోయాను.

మీరు దాన్ని చూశారు గానీ నన్ను చూళ్ళేదు. అది మెడ మీద చెయ్యి వెయ్యకముందే, మూత కోసం నేను చెయ్యి చాపాను.