కాజాలక్క తల ఊపింది

ఏ ఆసుపత్రి అన్నావ్? పెద్దాసుపత్రా? అబ్బో. సోమవారం నుంచే డ్యూటీనా? సంతోషమేనే, సంతోషం కాకేం, నర్సు చదువు చదివి ఇంట్లో కూర్చుంటావా? మొహం అలా పెట్టానా? ఏం పెట్టానూ, నా మొహమే అంత, అరవై ఏళ్ళుగా ఇదే మొహం. ఆ, సరే, కూర్చో. మీ అమ్మ ఎప్పుడూ చెప్పలేదూ కాజాలక్క గురించి? చెప్పదులే, దానికి అప్పుడు పాలపళ్ళు. మా అక్కే. నా సొంత అక్క, మీ అమ్మకి పెద్దమ్మ. పుట్టు చెవుడు. మాట రాలేదు. దర్జీ కొట్లో చొక్కాలకి కాజాలు కుట్టేది, అందుకని వీధి వీధంతా కాజాలక్క అనేవాళ్ళు. పాపం అనకు, పాపం లేదు గీపం లేదు. గయ్యాళి అది. పక్కింటావిడ నడక చేసి చూపించేది, ఆ దర్జీ మేస్త్రీ ముక్కుపొడుం పీల్చి తుమ్మడం చేసి చూపించేది, ఆయన ముందే! ఆయనా నవ్వేవాడు. పెళ్ళెందుకు చేసుకోవే అంటే, చేతులతో చెప్పేది, మొగుడు తిట్టినా నాకు వినపడదు, ఇంక ఆ సంబడం ఎందుకూ అని. మా చేతుల భాష మా ఇద్దరిదే. ఏ బళ్ళోనూ నేర్చుకున్నది కాదు, చిన్నప్పుడు మేమే కల్పించుకున్నాం.

ఒక్క అలవాటు ఉండేది దానికి. పరాయివాళ్ళు ఎవరేం అన్నా తల ఊపేది. నవ్వి తల ఊపేది. ఎందుకంటే, చిన్నప్పుడు అర్థం కాక "ఏంటీ" అన్నట్టు మొహం పెడితే పిల్లలు ఏడిపించేవాళ్ళు, పెద్దవాళ్ళు విసుక్కునేవాళ్ళు. తల ఊపితే అందరూ వదిలేసేవాళ్ళు. అలా ఊపి ఊపి అదే బతుకైపోయింది. కొట్లో దాంతో గొడవ రాలేదు. మేస్త్రీ ఏదో చెప్పేవాడు, ఇది తల ఊపేది, తర్వాత గుడ్డ చూసుకునేది. గుడ్డ మీద సుద్దగీత ఉంటుందిగా, కాజా ఎక్కడో, ఎంతో. ఒక్కనాడూ తప్పు కుట్టలేదు. కానీ కడుపు మీద సుద్దగీతలుంటాయటే?

అదే, కడుపునొప్పి. కుడిపక్క, కింద. మెలికలు తిరిగిపోతుంటే పెద్దాసుపత్రికే తీసుకెళ్ళాం. ఇంకెక్కడికి పోతాం? ఊరికే చూస్తారని కదా. ఊరికేనట, ఊరికే! మనం కొన్న ప్రతి అగ్గిపెట్టె మీదా పన్ను కట్టలేదూ? అది కుట్టిన ప్రతి చొక్కా మీదా కట్టలేదూ? సరే, చేర్చుకున్నారు. నేను పక్కనున్నంతసేపూ బాగానే ఉంది. వాళ్ళు అడగడం, నేను చేతులతో దానికి చెప్పడం, అది చెప్పింది మళ్ళీ నేను నోటితో చెప్పడం. తెల్లారి రౌండ్స్ అన్నారు. రౌండ్సప్పుడు తోడు మనుషులంతా బయటికి పోవాలి, అదీ రూలు. వాచ్‌మన్ కర్రతో మంచాల్ని టకటకా కొట్టుకుంటూ వచ్చాడు. "పదండి పదండి, పేషంటు తప్ప ఎవరూ ఉండకూడదు." బాబూ, దానికి వినపడదు నాయనా, నేనుండాలి అన్నాను. "అందరికీ ఒకటే రూలమ్మా, నీకో రూలూ నాకో రూలూ ఉంటుందా?" అన్నాడు. రెక్క పట్టుకుని గేటు బయటికి తోశాడు. నేను చిన్నగా అరిచానా? వీధి చివరిదాకా వినపడేట్టు అరిచాను. గేటు వేసేశాడు.

లోపల ఏం జరిగిందో పక్కమంచం ఆవిడ తర్వాత చెప్పింది. కుర్ర డాక్టరు వచ్చాడట. మంచివాడేనట, కసురుకోలేదట. తలొంచుకుని రాసుకుంటూ అడిగాడట, నొప్పి తగ్గిందామ్మా? ఇది తల ఊపింది. వాంతులు ఆగాయా? ఊపింది. ఇంటికెళ్తావా? నవ్వి మరీ ఊపింది. అంతే. పక్కావిడ అందట, అయ్యా ఆమెకి వినపడదయ్యా అని. అప్పటికే ఆయన అవతలి మంచానికి వెళ్ళిపోయాడు, వెనక నర్సు "నిన్నడిగామా" అందట.

గేటు తీశారు. వచ్చింది. చేతిలో డిశ్చార్జి కాగితం, వంగిపోయి, గోడ పట్టుకుని. తగ్గిందా అని చేతులతో అడిగాను. నాకు మాత్రం ఎప్పుడూ ఉత్తుత్తినే తల ఊపేది కాదు. రెండు చేతులూ కడుపు దగ్గర పెట్టి గుడ్డ చింపినట్టు చూపించింది. లోపల చిరుగుతోందే అని. మళ్ళీ ఎమర్జెన్సీకి పరిగెత్తాం. అక్కడాయన కాగితం చూసి, "నొప్పి లేదని ఇందులో ఉందిగా, రేపు పొద్దున ఓపీకి రండి" అన్నాడు. కాళ్ళమీద పడ్డానే. వాడి కాళ్ళమీద పడ్డాను! "ఇంట్లో తీసుకెళ్ళి పడుకోబెట్టండి, గాభరా పడుతోంది" అన్నాడు. పొద్దున ఎక్కడ వచ్చిందీ? తెల్లవారుజామునే పోయింది. అపెండిక్స్ లోపలే పగిలిందట, తర్వాత చెప్పారు. ఆపరేషన్ చేస్తే బతికేదట. తర్వాత అందరూ చెప్పేవాళ్ళే.

ఊరుకుంటానా? సూపరింటెండెంట్ దగ్గరికి పోయాను. పెద్దమనిషి, కుర్చీ వేయించాడు, మంచినీళ్ళు ఇప్పించాడు. అంతా విన్నాడు. విని ఏమన్నాడో తెలుసా, "చూడమ్మా, ఇది ప్రభుత్వ ఆసుపత్రి. మేం ఎవర్నీ వేరుగా చూడం. అందర్నీ ఒకేలా అడుగుతాం. మీ అక్కనీ అలాగే అడిగారు. ఆవిడ అవునంది." ఒకేలా అడిగారట! చెవిటిదాన్ని నోటితో అడగడం ఒకేలా అడగడమా? ఇంత నోరున్నదాన్ని, ఈ మాట ఇంటికొచ్చాక గోడకి చెప్పుకున్నాను.

ఆ తర్వాత చాలా ఏళ్ళకి చట్టం వచ్చిందన్నారు. సర్కారు డబ్బుతో నడిచే ఆసుపత్రిలో చెవుడుందని, చూపు లేదని, ముసలివాళ్ళని ఎవర్నీ పక్కనపెట్టకూడదు, వాళ్ళకి అర్థమయ్యేట్టు చెప్పే మనిషిని ప్రభుత్వమే పెట్టాలి. పేపర్లో చదివి ఏడ్చానే. పని గట్టుకుని చూడ్డానికెళ్ళాను. ఈ మాటలే రాసి బోర్డు పెట్టారు, మంచినీళ్ళ పంపు పైన, నీలం రంగుది, బాగుంది. చేతులతో మాట్లాడే పిల్లని కూడా వేశారు. ఏదమ్మా ఆ పిల్ల అని అడిగితే, ఆఫీసులో మనిషి తక్కువైందని ఫోన్లెత్తడానికి కూర్చోబెట్టామన్నారు. ఫోన్లకి! నవ్వుతావేం? నేనూ నవ్వాను. నవ్వి బయటికొచ్చి మెట్లమీద కూలబడ్డాను. ఆ పిల్లా తర్వాత మానేసిందట, ఆ జాగాలో ఎవర్నీ వెయ్యలేదు. దీనికోసమా మా అక్క పోయింది, ఒక బోర్డు కోసం? దీనికోసం కూడా కాదు. ఊరికే పోయింది. ఊరికే ఆసుపత్రిలో ఊరికే పోయింది.

అవునూ, ఇన్నేళ్ళు చదివావు కదా, వినపడనివాళ్ళు వస్తే ఎలా అడగాలో నేర్పారా మీకు? ... ఏంటీ, ఆ చెవిలో కాదు, ఈ పక్క చెప్పు. ... వాళ్ళతో వచ్చినవాళ్ళని అడగమన్నారా. అంతేనా. ఇంకేం చెప్పలేదా. ఊఁ. మరి రౌండ్సప్పుడు ఆ వచ్చినవాళ్ళు లోపలుంటారా?

... పంపేస్తారా.

ఇప్పటికీనా.

... ఆ కిటికీ వేసెయ్యి తల్లీ, దుమ్మొస్తోంది.