తాతబాబు పెట్టించిన సంతకాలు

కిరండూల్ స్టేషన్ బయట, వరహాలమ్మ టీ కొట్టులో ఫారెస్టు గార్డు భీమా మూడో టీ తాగుతున్నాడు. జేబులో సాక్షి సంతకం పెట్టాల్సిన గవాహీ కాగితం ఉంది. పొద్దున ఖనిజం బండిలో అతను ఒక బస్తా పట్టుకున్నాడు. విప్పితే అన్నీ అలుగు పెంకులే. చీమలు తిని బతికే ఆ నోరులేని జీవాన్ని చంపి, పెంకులు ఒలిచి, మందులకంటూ పరదేశాలకి పంపుతారు. బస్తా ఎక్కించినవాణ్ణి కళ్ళారా చూసింది గూడ్సు గార్డు తాతబాబు ఒక్కడే. సాయంత్రంలోగా ఆయన సంతకం పడకపోతే పట్టుబడ్డవాణ్ణి వదిలెయ్యాల్సిందే. ఆ తాతబాబేమో ఎదురు బల్ల మీద కూర్చుని కోతలు మొదలెట్టాడు.

"ఈ బస్తా ఓ లెక్కేటిరా! ఆ యేడు బండి సివర నా బ్రేకువేనులో బతికున్న అలుగే దొరికినాది. సంచి మూతి ఇప్పినాను. తల్లి, దాని తోక మీద పిల్ల. నన్ను సూసీసరికి పిల్లని పొట్టకి అదుముకుని ఉండలా సుట్టుకుపోనాది."

భీమా టీ గ్లాసు కింద పెట్టాడు. చిన్నప్పుడు అడవిలో అతను చూసిందీ అచ్చం అలాగే.

"ఆ తర్వాత ఏటైనాదో తెల్సా? ఆ ఉండ కిందకి దూకి, పట్టాల మీద దొర్లుకుంటా ఇంజను కంటే ముందెల్లిపోనాది! అడ్డమొచ్చిన కొండకి కన్నమెట్టీసి అవతల తేలినాది!"

"ఓలమ్మో!" వరహాలమ్మ టీ వడగట్టడం మర్చిపోయింది.

"నాను వదుల్తానా? ఎర్రజెండా పట్టుకుని ఎనకాలే పరుగు! విశాపట్నం రేవులో అది ఓడెక్కితే నానూ ఎక్కినాను. దిగీసరికి పరదేశం. దేశదేశాల దొరలు బల్ల సుట్టూ కూకుని, అలుగుని అమ్మొచ్చా కూడదా అని దెబ్బలాడుకుంటన్నారు. అలుగుని ఆ బల్ల మీదెట్టి, 'బావూ, దీని పెంకు మన గోరు లాంటిదే. మందు కావాలంటే మీ గోళ్ళు మీరే కొరుక్కోండి!' అన్నాను. అంతే, అమ్మకూడదని వరసగా సంతకాలు! ఒక్క దొర మాత్రం కలం తియ్యడు. వాళ్ళూరి యాపారులు ఊరుకోరని బయమట. 'సంతకానికి బయపడితే మనిషివేటయ్యా?' అన్నాను. ఏడ్సుకుంటా పెట్టీసినాడు!"

కొట్టంతా నోరెళ్ళబెట్టి వింది. భీమా కాగితం తీసి ఆయన గ్లాసు పక్కన పరిచాడు.

"కాకా, అన్ని దేశాలతోని పెట్టించినవు. ఇగ నీదొక్కటే మిగిలింది."

ఎవరూ నవ్వలేదు. తాతబాబు మొహం పాలిపోయింది.

"ఆ బస్తావోళ్ళు ఊరుకోరు. నా పిల్లలు ఈ ఊళ్ళోనే తిరగాలి కదరా," అన్నాడు, గొంతు తగ్గించి.

"అలుగుకీ పిల్ల ఉన్నదంటివి కద. అదీ కోతేనా?"

తాతబాబు గ్లాసు పక్కకి జరిపాడు.

"అదొక్కటే నిజం. బయమేసి, సంచి మూతి మళ్ళీ కట్టీసినాను రా," అన్నాడు.

కలం కోసం చెయ్యి చాపాడు.